దిగులు గోడ

పూదోట కాలనీ సంక్షేమ సంఘంలో ఏ విషయం మీదైనా అందరూ ఒక మాట మీదికి వచ్చిన దాఖలా లేదు. చెత్తబండి పొద్దున రావాలా, సాయంత్రం రావాలా అన్న దగ్గర చీలిపోయిన రెండు వర్గాలు ఇప్పటికీ ఒకరింటి పేరంటానికి ఒకరు వెళ్ళవు. అలాంటి కాలనీ ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో చేరి, ఒక్క గొంతుతో "వద్దు" అంది.

వద్దన్నది ఆసరా కేంద్రాన్ని. కేసుల్లో ఇరుక్కుని, విచారణ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లల్ని ఎక్కడో నగరంలోని ఇనుప గేట్ల వెనక కాకుండా, ఊళ్ళోనే, నలుగురి మధ్య, ఆ నలుగురి పూచీ మీదే ఉంచాలని ప్రభుత్వానికి బుద్ధి పుట్టింది. కాలనీ మధ్యలో ఖాళీగా పడున్న పాత పశువుల ఆసుపత్రి అందుకు అనువుగా కనబడింది. కాలనీకి నచ్చజెప్పే పని మాత్రం డాక్టర్ పరిమళ నెత్తిన పడింది.

పరిమళ సూదిమందు వేసే డాక్టరు కాదు. ఒక మనిషి ఇంకో మనిషి గురించి ఆలోచించినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో కనిపెట్టడానికి వయసంతా ఖర్చుపెట్టిన శాస్త్రవేత్త. ఆ హడావుడిలో తన గురించి ఆలోచించే మనిషిని ఒకణ్ణి చూసుకోవడం మరిచిపోయింది. ఇప్పుడు నలభై దాటాయి, చేతిలో మిగిలింది ఒక యంత్రం. ఈ కాలనీ ఒప్పుకుంటే సరే, లేకపోతే అది కూడా అటకెక్కుతుంది.

"గోడ ఎంత ఎత్తు లేపుతారండి?" అని అడిగారు సంఘం అధ్యక్షుడు వీర్రాజు గారు. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కూర్చున్నా నిలబడినట్టే ఉంటారు.

"గోడ ఉండదండి," అంది పరిమళ.

హాల్లో గోల లేచింది. ఆవిడ దాన్ని పట్టించుకోకుండా తన సంచీ విప్పింది. మెల్లిగా వెళ్ళి హాలు గుమ్మానికి అటూ ఇటూ రెండు చిన్న కడ్డీలు నిలబెట్టింది. ముందు వరసలో కూర్చున్న మంగతాయారు చేతికి గడియారం లాంటి పట్టీ ఒకటి కట్టింది. మంగతాయారు కాలనీ మొదట్లో కర్రీ పాయింటు నడుపుతుంది. పరిమళ అద్దెకు దిగింది ఆవిడ మేడ మీదే కాబట్టి మొహమాటానికి చెయ్యి చాపింది.

"మీకిప్పుడు దేని గురించైనా దిగులుగా ఉందాండి?"

"లేకేం తల్లీ, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చాను. మీ మీటింగు చూస్తే తెమిలేలా లేదు."

"వీర్రాజు గారూ, ఒకసారి ఆ గుమ్మం దాటి వెళ్ళండి."

వీర్రాజు గారు ఛాతీ విరుచుకుని నడిచి, గుమ్మంలో ఆగిపోయారు. ఎదురుగా ఏమీ లేదు. గాలి మాత్రం పరుపులా అడ్డం పడింది. చేత్తో తోశారు, భుజంతో గెంటారు, చివరికి ఒళ్ళంతా దాని మీద ఆనించి నిలబడ్డారు. అంతలో మంగతాయారు ఫోను మోగింది. కోడలు. పప్పు దింపేశానని చెప్పింది. మంగతాయారు హమ్మయ్య అనుకోవడం, వీర్రాజు గారు వరండాలో బోర్లా పడటం ఒక్కసారే జరిగాయి.

ఇంతకంటే ఉపన్యాసం అక్కర్లేకపోయింది. మనిషి ఒంట్లో దిగులు పుడితే పట్టీ దాన్ని పట్టుకుంటుంది, ఆ దిగులుతో కడ్డీల మధ్య గాలి గట్టిపడుతుంది. పప్పు మీద కాకుండా కేంద్రంలోని పిల్లల మీద కలిగే దిగులుని మాత్రమే పట్టుకునేలా దాన్ని సవరిస్తానని పరిమళ చెప్పింది.

వీర్రాజు గారు మోకాళ్ళు దులుపుకుంటూ లేచారు. "అంటే మేం పట్టించుకోకపోతే గోడే ఉండదన్నమాట."

"ఉండదండి. పిల్లలు రోడ్డు మీదికి వచ్చేస్తారు."

"వాళ్ళొచ్చి మా కొంపల్లో జొరబడతారేమోనని మేం భయపడతా ఉంటే?"

"అదీ దిగులేనండి. యంత్రానికి తేడా తెలీదు."

"ఆయ్, అలాగైతే మీకు కావలసినంత దొరుకుద్ది," అని వీర్రాజు గారు చెయ్యి చాపి పట్టీ కట్టించుకున్నారు. ఆయన వెనక కాలనీ అంతా కట్టించుకుంది. మొట్టమొదటి పట్టీ, పరీక్షల కోసం చేసుకున్నది, పరిమళ చేతికే ఉంది.

కాలనీ వాళ్ళు మాట మార్చకుండా ఆవిడ రెండు కట్టుబాట్లు కూడా పెట్టింది. యంత్రాన్ని ఎవరైనా ఆపేస్తే ఆ కబురు దానంతటదే పిల్లల కేసులు చూసే న్యాయమండలికి పోతుంది, కేంద్రం మూతపడుతుంది, పిల్లలు నగరంలోని ఇనుప గేట్ల వెనక్కి పోతారు. ఎవరైనా చేతి పట్టీ విప్పేస్తే, విప్పేటప్పుడు ఎంత దిగులుందో అంతా ఆ రోజు సాయంత్రం దాకా గోడలోనే ఉండిపోతుంది. ఈ రెండూ రాసుకున్న రోజున తన తెలివికి తానే మురిసిపోయి పరిమళ బయటినుంచి బిర్యానీ తెప్పించుకుని తింది.

కేంద్రం చుట్టూ కడ్డీలు పాతారు, ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళలో కాలనీ కంటిమీద కునుకు లేకుండా చేసింది గంగాభవాని. పదిహేడేళ్ళ పిల్ల, లారీ డ్రైవరు కూతురు. చదివే కాలేజీ బస్సు డ్రైవరు తాళాలు బండికే వదిలేసి టీ తాగడానికి వెళ్ళి ఎంతకీ రాకపోతే, పరీక్షకి ఆలస్యమవుతోందని స్టీరింగు ఎక్కింది. దారిలో ప్రతి స్టాపులోనూ ఆపింది, ప్రతి విద్యార్థినీ ఎక్కించుకుంది, కాలేజీ గేట్లోకి చక్కగా తిప్పింది. ఆ తిప్పడంలో ప్రిన్సిపాలు గారి కొత్త కారుకి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా గీత పడింది. ఆ గీత కేసయింది. తల్లి లేదు, తండ్రి లారీ మీద అస్సాం వైపు ఉన్నాడు, పూచీ పడేవాళ్ళు లేక భవాని ఇక్కడ తేలింది.

మొదట్లో గోడ భయం మీదే నిలబడింది. మేడల మీద బట్టలు ఆరేసే వంకతో కాలనీ అంతా పశువుల ఆసుపత్రి వైపే చూసేది. మంగతాయారు తన గ్యాస్ సిలిండర్లకు గొలుసు కట్టింది. పరిమళ ప్రయోగశాల చేసుకున్న కేంద్రం ముందుగదిలో మీటరు ముల్లు ఒద్దికగా మధ్యలో నిలబడి ఉండేది. ముందువైపు రెండు కడ్డీల మధ్య గేటు, మామూలుగా అక్కడ ఆవిడ బొటనవేలు ఆనిస్తే గాలిలో మనిషి పట్టేంత దారి తెరుచుకునేది, వంటమనిషి వచ్చేది, వెళ్ళేది.

మార్పు దోసకాయ పప్పుతో వచ్చింది. ఒకరోజు వంటమనిషి రాకపోతే పరిమళ కర్రీ పాయింటు నుంచి తెప్పించింది. మర్నాడు మంగతాయారు కేంద్రం ముందునుంచి పోతుంటే లోపలినుంచి భవాని పిలిచింది.

"ఆంటీ, నిన్న పప్పు మీదేనా? ఉప్పు తగ్గింది."

మంగతాయారు పప్పుకి వంక పెట్టినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆవిడ అక్కడికక్కడే వెనక్కి తిరిగి, ఇంకో గిన్నెడు చేసి పంపింది. భవాని తిని, ఈసారి పోపు మాడిందంది. పంతం పెరిగింది. రోజూ ఒక గిన్నె లోపలికి వెళ్ళేది, తీర్పు బయటికి వచ్చేది, మంగతాయారు ఆ తీర్పు కోసం గోడ అవతల నిలబడి ఎదురుచూసేది. ఆ పిల్ల ఒకరోజు జ్వరంతో బయటికి రాకపోయేసరికి ఆవిడ దుకాణం కట్టేసి వచ్చి కూర్చుంది. ఇక వీర్రాజు గారు, పిల్లలు గూని పోతున్నారని పొద్దున్నే బయట నిలబడి ఈల ఊదడం మొదలుపెట్టారు. ఇటు ఆయన చేతులు ఎత్తితే అటు ముగ్గురూ ఎత్తేవారు. కాలనీలో ఏ ఇద్దరు కలిసినా పిల్లల మాటే. చెత్తబండి వర్గాలు కూడా ఆ మాట మీదే మొదటిసారి పలకరించుకున్నాయి.

ముల్లు పైకి పాకుతూ పోయింది. పరిమళ ఆనందానికి హద్దు లేదు. పై అధికారుల ఆనందానికీ హద్దు లేదు. పైకి పాకే ముల్లుకి మాత్రం ఒక హద్దు ఉండాలని ఎవరికీ తోచలేదు. శాస్త్రవేత్తలందరూ జనం పట్టించుకోకపోతే ఏం చెయ్యాలని తలలు బద్దలు కొట్టుకున్నారు గానీ, జనం మరీ పట్టించుకుంటే ఏమవుతుందన్నది ఒక్కరూ అడగలేదు. వాళ్ళెవరూ ఇలాంటి కాలనీల్లో కాపురం చేసినవాళ్ళు కారు. పాలవాడు విసిరిన ప్యాకెట్టు ఒకరోజు గాల్లో ఆగి, కాసేపు ఆలోచించి, వెనక్కొచ్చి అతని కాళ్ళ దగ్గరే పడింది. పరిమళ దాన్ని కూడా విజయం కిందే జమకట్టింది.

భవాని వాయిదా రోజు వచ్చింది. మేజిస్ట్రేటు గారు తెర మీద మొహాలు చూసి నిర్ణయాలు చెయ్యనని భీష్మించుకున్న మనిషి, పిల్ల ఎదురుగా రావలసిందే. ఆ రోజు హాజరైతే బెయిలు రావచ్చు. హాజరు కాకపోతే ఆ పిల్ల పారిపోయినట్టు లెక్క, బెయిలు సంగతి దేవుడెరుగు, కేంద్రమూ ఉండదు. ఈ మాట పరిమళ కాలనీ అందరికీ విడమరిచి చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

ముందురోజు సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ముఖ్యమైన పని మీద బయల్దేరే మనిషికి మంచి ఎదురు రావాలి కదా, భవానికి ఎవరు ఎదురు రావాలన్నది చర్చ. మా ఆవిడ ఎదురొస్తే మా తమ్ముడికి ఉద్యోగం వచ్చిందని ఒకాయన, మా అత్తగారు ఎదురొస్తే చెరువు గండే పూడిందని ఒకావిడ, ఎవరి ఎదురు గొప్ప వాళ్ళు చెప్పుకున్నారు. మాటా మాటా పెరిగే సమయానికి వీర్రాజు గారు ఈల ఊదారు.

"గొడవెందుకండి? అందరం ఎదురొద్దాం. ఏదో ఒకటి పనిచేస్తది."

కాబట్టి వాయిదా నాటి ఉదయం పరిమళ గేటు దగ్గరికి వచ్చేసరికి, కాలనీ యావత్తూ వరసలు కట్టి గేటుకేసి చూస్తూ నిలబడి ఉంది. నిండు బిందెలు, పెరుగు గిన్నెలు, పళ్ళెంలో పళ్ళు, చంకలో పసిపిల్లలు. చూపులన్నీ గేటు మీదే. ఆ పిల్ల ఎలా వస్తుందో, కోర్టులో ఏమంటారో, బెదిరిపోతుందేమో, ఏమైనా తిందో లేదో. గోడ లోపల భవాని మంగతాయారు పట్టుచీర కట్టుకుని, పూలజడతో, పెళ్ళిచూపులకి కూర్చున్న పిల్లలా నిలబడి ఉంది. చీర ఆవిడే ముందురోజు లోపలికి పంపింది. పెద్దకోర్టుకి పంజాబీ డ్రెస్సేమిటని ఆవిడ వాదన.

పరిమళ బొటనవేలు ఆనించింది. గేటు తెరుచుకోలేదు. తుడుచుకుని మళ్ళీ ఆనించింది. లోపలికి పరిగెత్తుదామంటే లోపలికీ దారి లేదు. చేతిలో ఉన్న చిన్న మీటరు చూసుకుంది. ముల్లు చివరికంటా పోయి, అక్కడినుంచి ఇంకా తోసుకుపోవడానికి వణుకుతోంది.

విషయం ఆవిడకి అర్థమైంది. "మీరంతా ఇళ్ళకి వెళ్ళిపోండి," అంది. "దయచేసి ఈ పిల్ల గురించి ఆలోచించకండి. మీరు దిగులుపడితే గేటు తెరుచుకోదు."

"తెరుచుకోకపోతే వాయిదా పోద్ది కదండి?" అన్నారు వీర్రాజు గారు. ఆ మాట అందరి చెవినా పడింది. ముల్లు మీటరు అద్దాన్ని టక్కుమని తాకింది.

ఇళ్ళకి వెళ్ళారు. కాస్సేపటికే ఒక్కొక్కరూ తిరిగొచ్చేశారు.

"టీవీ చూడమన్నారు, చూశాను తల్లీ," అంది మంగతాయారు కొంగుతో మొహం తుడుచుకుంటూ. "సీరియల్లో కోర్టు సీను వస్తోంది. చచ్చినంత పనైంది."

పరిమళ ఇంకో ఎత్తు వేసింది. ఈ కాలనీ మనసు మళ్ళించాలంటే తగువుని మించింది లేదు. "అన్నట్టు చెత్తబండి ఇకనుంచి సాయంత్రమే వస్తుందట," అంది గట్టిగా. ఒకప్పుడు దానికోసం కొట్టుకు చచ్చిన రెండు వర్గాలూ ఒకరి మొహాలొకరు చూసుకున్నాయి.

"ఎప్పుడొస్తే ఏముందండి," అన్నారు ఒకాయన నీరసంగా. "ముందు ఆ పిల్ల సంగతి చూడండి."

ఆటో డ్రైవరు హారను కొడుతున్నాడు. పరిమళకి ఏడుపు ముంచుకొచ్చింది. తన యంత్రం ఇంత గొప్పగా పనిచేసిన రోజు ఇంకొకటి లేదు.

అప్పుడు భవాని గోడ దగ్గరికి వచ్చింది. ఆ గట్టి గాలి మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. గాలి అడ్డమున్నా మాటకి అడ్డం లేదు.

"ఆంటీ, మాస్టారూ, నేనో మాట చెప్తాను, తిట్టకూడదు. మొన్న మంగతాయారాంటీ మేనకోడలి పెళ్ళికి అందరూ వెళ్ళారు కదా."

"వెళ్ళాం," అంది మంగతాయారు. "అయితే?"

"ఆ రోజు గోడ లేదు."

 పరిమళకి గుర్తొచ్చింది. ఆ సందడిలో తనూ కాసేపు కేంద్రం సంగతి మరిచిపోయింది. పెళ్ళినుంచి వచ్చాక యంత్రంలో ముల్లు కిందికి పడిపోయి లేచిన జాడ కనబడింది. కరెంటు పోయి ఉంటుందనుకుని వదిలేసింది.

"మీరందరూ పెళ్ళి సందడిలో మమ్మల్ని మర్చిపోయినట్టున్నారు," అంది భవాని. "బంతి బయటికి పోతే తీసుకొచ్చుకుందామని వెళ్ళాను. ఏదీ తగల్లేదు. రోడ్డు మీదికి వెళ్ళిపోయాను. బస్టాండు కనబడుతోంది. కాసేపు అక్కడే నిలబడ్డాను. భయమేసింది, ఆశ కూడా వేసింది, అబద్ధం చెప్పను. తర్వాత, మీరు పెళ్ళి భోజనం తెస్తానన్నారు కదా, వచ్చి నన్ను చూసుకోకపోతే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. బంతి తీసుకుని లోపలికి వచ్చేశాను."

 మంగతాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, భుజాలు మాత్రం కిందికి జారాయి, పెద్ద బరువు దింపుకున్న మనిషిలా. "అయితే ఇక నాకెందుకు బెంగ," అంది. "దీని సంగతి ఇదే చూసుకుంటుంది."

వీర్రాజు గారు తలూపారు. వరసల్లో ఒక్కొక్క మొహం తేటపడింది. ఎవరో నవ్వారు, ఎవరో చంకలో పిల్లని దింపారు. ముల్లు జారడం మొదలుపెట్టింది, గబగబా జారింది, గేటు తెరుచుకునే గీతకి కాస్త పైన ఆగిపోయింది.

పరిమళ మీటరు కొట్టి చూసింది. కదల్లేదు. పట్టీలు కట్టుకున్న ప్రతి మనిషికీ దాని తెర మీద నంబరుతో ఒక చుక్క ఉంటుంది. చుక్కలన్నీ మసకబారాయి. ఒక్కటి మాత్రం నిప్పుకణికలా వెలుగుతోంది.

వీర్రాజు గారు భుజం మీదుగా తొంగి చూశారు. "ఒకటో నంబరెవరిదండి? చెప్పండి, ఆ మనిషిని ఊరవతల దించేసి వచ్చేద్దాం."

పరిమళ చేతికున్న పట్టీ వైపు చూసుకుంది. విప్పేద్దామా అనుకుంది. విప్పితే ఆ దిగులు సాయంత్రం దాకా గోడలో ఉండిపోతుందని పెట్టింది తనే.

"నాదేనండి," అంది.

అబద్ధం చెప్పే ఓపిక ఆవిడకి లేకపోయింది. కాలనీ భయంగా మొదలుపెట్టిన దిగులు ఎప్పుడో ప్రేమగా మారింది, ఇప్పుడు నమ్మకంగా మారి చల్లబడింది. తన దిగులు మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. యంత్రానికి తేడా తెలియదు. ఆవిడకి తెలిసింది, సిగ్గేసింది.

"భవానీ, నేను నీ గురించి భయపడటం లేదమ్మా," అంది గోడకి దగ్గరగా వచ్చి. "నువ్వు దార్లో ఆటో దిగి పారిపోతే నా పేరు ఏమవుతుందా, నా యంత్రం ఏమవుతుందా అని. ఇన్నాళ్ళూ నేను నిన్ను చూడలేదు, ముల్లుని చూశాను. ఇప్పుడు ఆగమంటే ఈ భయం ఆగడం లేదు. నన్నేం చెయ్యమంటావు?"



"మేడమ్, పారిపోవడానికి నాకేం అభ్యంతరం లేదు గానీ, ఈ చీరతోనా?" అంది భవాని. "ఆంటీ దీనికి ఎన్ని పిన్నీసులు పెట్టించారో చూడండి. పొద్దున బాత్రూముకి వెళ్ళడానికే ఇద్దరి సాయం కావలసి వచ్చింది."

పరిమళ ఆ పిల్లకేసి చూసింది. నిజంగా చూసింది, మొదటిసారి. బొమ్మల కొలువులో బొమ్మలా బిగుసుకుని, మెడ తిప్పలేక, నుదుటి మీద చెమట తుడుచుకోలేక, పారిపోవడానికి దారులు వెతుక్కుంటోందని తాను అనుమానించిన నేరస్థురాలు. నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. పరిమళ కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. అంతగా నవ్వుతూ భయపడటం మనిషి వల్ల అయ్యే పని కాదు.

గోడ మీద చేతులానించి నిలబడ్డ భవాని ఉన్నట్టుండి ముందుకి తూలి, సరాసరి ఆవిడ మీద పడింది. పిన్నీసులు గుచ్చుకున్నాయి. పరిమళ ఆ పిల్లని వదల్లేదు.

న్యాయమండలి గది చిన్నది. పూదోట కాలనీలో సగం మందే అందులో పట్టారు, తక్కినవాళ్ళు కిటికీల దగ్గర నిలబడ్డారు. ముందు బెంచీ మీద భవాని తండ్రి కూర్చుని ఉన్నాడు. అస్సాం నుంచి వచ్చిన లారీ దిగి తిన్నగా వచ్చాడు, పట్టుచీరలో ఉన్న కూతుర్ని ముందు పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నాక తలొంచుకుని తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. చీరనీ, పూలజడనీ, కిటికీల్లోంచి కనబడే పెరుగు గిన్నెల్నీ చూశారు.

"ఈ అమ్మాయి వెంట వచ్చిన పోలీసులెవరు?"

"పోలీసులు లేరండి," అంది పరిమళ.

"మరి వీళ్ళంతా?"

"ఎదురు వచ్చారండి."

మేజిస్ట్రేటు గారు దాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం మానుకున్నారు. కాగితాలు తిరగేసి, తండ్రి వైపు చూశారు. "ఈయన రేపో మాపో మళ్ళీ లారీ ఎక్కుతారు. ఇంటి దగ్గర కాపలా ఉండేవాళ్ళు లేరు. కేసు తేలడానికి ఇంకా వాయిదాలున్నాయి. పిలిచినప్పుడు ఈ అమ్మాయి వస్తుందని ఏమిటమ్మా నమ్మకం? మీ గోడ చాలా బాగా పనిచేస్తోందని విన్నాను. దాన్ని వీళ్ళింటికి పట్టుకెళ్ళలేం కదా."

పరిమళ వెనక్కి చూసింది. మంగతాయారు మాట్లాడమన్నట్టు గడ్డం ఎగరేసింది. భవాని తిరిగి చూడలేదు, పిన్నీసుల వల్ల.

"ఇక్కడికి కూడా పట్టుకురాలేదండి," అంది పరిమళ. "అది పోయాకే ఈ పిల్ల వచ్చింది."